ఏనుగును కొని అంకుశానికి బేరమా?

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బావ కారు ఆ పొద్దున రాజమండ్రిలో ఓ షెడ్డు ముందు కూలబడి ఉంది. మూడు మూలలూ నిలబడే ఉన్నాయి. ముందు ఎడమ చక్రం మీదికి మాత్రం బాడీ పూర్తిగా దిగిపోయింది. తొమ్మిదేళ్ల వయసున్న జర్మన్ సెడాన్ అది. రెండేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో, కొత్తదాని ధరలో నాలుగోవంతుకే దొరికిందని బావ మురిసిపోయాడు. సంక్రాంతికి ఆ బండి వీధిలోకి వస్తే పిల్లలంతా చుట్టూ మూగారు.

మెకానిక్ జాకీ పెట్టి చక్రం విప్పాడు. లోపల మామూలు కార్లలో ఉండే ఇనప స్ప్రింగు లేదు. దాని చోట నల్లటి రబ్బరు తిత్తి ఉంది. మెకానిక్ సబ్బునీళ్ల సీసా తీసుకుని దాని మడతల మీద కొట్టాడు. కాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత ఒక మడత అడుగున ఆవగింజంత బుడగ లేచింది, దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే సన్నటి నురగ గీత కట్టింది.

"గాలి ఇక్కణ్నుంచి పోతందండి. పొద్దున్నే ఓ పక్కకి ఒరిగి ఉండటం ఎన్నాళ్ల నుంచండి?" అని అడిగాడు మెకానిక్.

"ఆర్నెల్లు అయ్యుంటుంది. స్టార్ట్ చెయ్యగానే లేచేది కదా అని వదిలేశాను" అన్నాడు బావ.

పోయింది ఆ ఆరు నెలల్లోనే. కారు లేచి నిలబడుతున్నదంటే లోపల ఒక చిన్న కంప్రెసర్ గాలి కొడుతోందన్నమాట. ఆ కంప్రెసర్‌ను కొద్ది నిమిషాలు తిరిగి ఆగేలా తయారు చేస్తారు. కారుతున్న తిత్తిని నింపడానికి అది రోజూ గంటల తరబడి తిరిగింది. మోటారు వేడెక్కింది, లోపలి సీలు అరిగింది, చివరికి కాలిపోయింది. పోతూ పోతూ కరెంటు ఇచ్చే రిలేను కూడా తీసుకుపోయింది. ఒక రబ్బరు మడతతో తీరాల్సిన ఖర్చు మూడు సామాన్లయింది.

ఖరీదైన కారు ఎందుకు చెడిపోతుంది, చెడిపోతే అంత ఖర్చు ఎందుకవుతుంది, మన గోదావరి డెల్టాలో అది ఇంకాస్త త్వరగా ఎందుకవుతుంది? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఆ సబ్బు నురగలోనే ఉంది.

వెయ్యి భాగాల లెక్క

ఇనప స్ప్రింగుకు ఒకటే పని, బరువు మోయడం. గాలి సస్పెన్షన్ కూడా చేసేది అదే పని. కానీ దానికి తిత్తులు, కంప్రెసర్, గాలి ఆరబెట్టే డబ్బా, వాల్వులు, సన్న గొట్టాలు, ఎత్తు కొలిచే సెన్సర్లు, వీటన్నిటినీ నడిపే కంప్యూటర్ పెట్టె కావాలి. గతుకు తెలియనివ్వని ఆ సుఖం నిజమైనదే. 1955లో ఫ్రాన్స్‌కు చెందిన సిట్రోయెన్ డీఎస్ కారులో నూనె, వాయువు కలిపి పనిచేసే సస్పెన్షన్ చూసి ప్రపంచం ఆశ్చర్యపోయింది. అయితే ఆ సుఖాన్ని ఒక భాగం ఇవ్వడం లేదు, చాలా భాగాలు కలిసి ఇస్తున్నాయి.

ఇక్కడ ఒక చిన్న గణితం ఉంది. ఒక భాగం ఏడాది పాటు చెడకుండా ఉండే అవకాశం 99.9 శాతం అనుకుందాం. వినడానికి చాలా గొప్పగా ఉంటుంది. అలాంటి భాగాలు వంద ఉండి, వాటిలో ఏది చెడినా షెడ్డుకు వెళ్లాల్సిందే అయితే, ఏడాదంతా వెళ్లకుండా గడిచే అవకాశం సుమారు 90 శాతం. భాగాలు మూడువందలైతే 74 శాతం. వెయ్యయితే 37 శాతమే. ఏ ఒక్క భాగమూ నాసిరకం కాదు. అయినా మూడేళ్లలో రెండేళ్లు ఏదో ఒకటి పోతుంది.

మామూలు కారుకూ ఖరీదైన కారుకూ ఉన్న మొదటి తేడా ఇదే. దాని భాగాలు తరచుగా మెరుగైనవే, కానీ సంఖ్యలో ఎన్నో రెట్లు. తలుపు మెత్తగా దగ్గరికి లాక్కునే మోటారు, సీటు చల్లబరిచే ఫ్యాను, మలుపుతో పాటు తిరిగే హెడ్‌లైటు, ఒక్కోదానికీ విడిగా సెన్సరు, వైరు, కనెక్టరు ఉంటాయి. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి బాష్ కంపెనీ 1986లో క్యాన్ అనే వైర్ల పద్ధతిని లోకానికి చూపింది. ఇప్పటి పెద్ద కార్లలో అలా మాట్లాడుకునే కంప్యూటర్ పెట్టెలు డెబ్బై నుంచి వంద దాకా ఉంటాయి. ఒక పెట్టెలో తేమ చేరి తప్పుడు సంకేతం పంపితే ఇంకెక్కడో దీపం వెలుగుతుంది. అందుకే ఇలాంటి బండికి మెకానిక్ చేతిలో పానా కంటే ముందు స్కానర్ ఉండాలి.

తొట్టి గీత

భాగాలు ఎందుకు చెడతాయో చూశాం, ఇక ఎప్పుడు చెడతాయో చూద్దాం. వాలొడ్డి వైబుల్ అనే స్వీడన్ ఇంజినీరు 1951లో ఒక పరిశోధన పత్రం రాశాడు. వస్తువులు ఎంత బలానికి తెగుతాయో, ఎన్నాళ్లకు విరుగుతాయో ఒకే సూత్రంతో చెప్పవచ్చని చూపాడు. అందులో తీసుకున్న ఉదాహరణల్లో మన దేశపు పత్తి పోగుల బలం కూడా ఉంది. పత్తి పోగుకు నప్పిన ఆ లెక్కను ఇప్పుడు ఇంజిన్ బేరింగులకూ వాడుతున్నారు.

ఆ ఆలోచననే కారు జీవితానికి వర్తింపజేసి గీత గీస్తే స్నానాల తొట్టి ఆకారం వస్తుంది. మొదట్లో ఫ్యాక్టరీ లోపాలు బయటపడతాయి. అప్పుడు వారంటీ ఉంటుంది కాబట్టి మన జేబుకు తగలవు. తర్వాత కొన్నేళ్లు తొట్టి అడుగులాంటి చదును. ఎప్పుడైనా ఒకటీ అరా తప్ప ఏమీ జరగదు. ఆ తర్వాత అరుగుదల మొదలై గీత పైకి లేస్తుంది. రబ్బరు బీటలిస్తుంది, ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, సీళ్లు గట్టిపడతాయి. ఇవన్నీ దాదాపు ఒకే వయసువి కాబట్టి దాదాపు ఒకేసారి ముసలివవుతాయి.

బండి మొదటి యజమాని చాలాసార్లు ఆ చదును మీదే దాన్ని అమ్మేస్తాడు. రెండో యజమాని కొనేది గీత లేచే చోట.

కార్ల నాణ్యత మీద వచ్చే సర్వేలను కూడా ఈ గీత పక్కన పెట్టుకునే చదవాలి. అమెరికాలో జేడీ పవర్ సంస్థ ఏటా మూడేళ్ల వయసున్న కార్ల యజమానులను అడిగి, వంద బండ్లకు ఎన్ని ఇబ్బందులో లెక్క వేస్తుంది. 2024లో అన్ని కంపెనీల సగటు 190, లెక్సస్‌ది 135. ఆ తేడా నిజమైనదే, విలువైనదే. కానీ మూడేళ్లంటే తొట్టి అడుగు. తొమ్మిదో ఏట ఏమవుతుందో ఆ అంకె చెప్పదు.

మన గాలి, మన నీరు

ఈ గీత ప్రపంచమంతటికీ ఒకటే అయినా, అది ఏ ఏట పైకి లేస్తుందన్నది ఊరిని బట్టి ఉంటుంది. డెల్టాలో దాన్ని తొందరపెట్టేవి ముఖ్యంగా మూడు.

మొదటిది వేడి. రసాయన చర్యల వేగం వేడితో ఎలా పెరుగుతుందో స్వీడన్‌కే చెందిన అరీనియస్ 1889లో సూత్రం రాశాడు. స్థూలంగా చెప్పుకుంటే పది డిగ్రీలు పెరిగితే చాలా చర్యల వేగం రెట్టింపవుతుంది. రబ్బరు ముసలిదవడం, బ్యాటరీ బలం తగ్గడం, నూనె చెడిపోవడం అన్నీ రసాయన చర్యలే. రోహిణి కార్తెలో రాజమండ్రిలో ఎండలో నిలబెట్టిన బండి బానెట్ కింద, చల్లటి దేశంలో రెండేళ్లకు జరిగే పని ఏడాదిలోపే జరిగిపోతుంది.

రెండోది ఉప్పు, తేమ. మామూలు ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటగానే అది గాలిలోంచే నీటిని లాక్కుని కరిగిపోతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా అడుగున నీరు చేరడం మన వంటిళ్లలో అందరూ చూసిందే. అంతర్వేది నుంచి కాకినాడ దాకా సముద్రపు గాలి, ఉప్పునీటి చెరువుల గట్లు, చేపల లారీల నుంచి రోడ్డు మీద కారే నీరు, వీటన్నిటి నుంచీ వచ్చిన సన్నటి ఉప్పు పొర బండి కింద పడుతుంది. రాత్రి తేమకు అది ఉప్పునీరై కరెంటు పారే ద్రవంగా మారుతుంది. ఇనుము తుప్పు పట్టడానికి, కనెక్టర్ల లోపల రాగికి పచ్చటి చిలుము పట్టడానికి అంతకన్నా ఏం కావాలి? చిలుము పట్టిన ఒక్క పిన్ను వల్ల మంచి సెన్సరును చెడిందనుకుని మార్చి, వేలు పోసినవాళ్లు ఎందరో ఉన్నారు.

మూడోది రేడియేటర్‌లో మనం పోసే నీరు. ఇప్పటి ఇంజిన్లలో కూలెంట్ గొట్టాల మూతులు, థర్మోస్టాట్ డబ్బాలు గాజు పీచు కలిపిన నైలాన్‌తో చేస్తారు. నైలాన్ అణువులు పొడవైన గొలుసులు. నూరు డిగ్రీలకు దగ్గరగా కాగే నీరు ఏళ్ల తరబడి తగిలితే ఆ గొలుసు లంకెలు ఒక్కొక్కటీ తెగుతాయి. పైకి నల్లగా, నునుపుగానే కనిపిస్తుంది. గొట్టం విప్పడానికి వేలితో కాస్త వంచగానే మూతి బిస్కెట్‌లా విరిగి చేతికొస్తుంది. అల్యూమినియం తుప్పు పట్టకుండా కూలెంట్‌లో కొన్ని రసాయనాలు కలుపుతారు. కూలెంట్ తగ్గింది కదా అని తీరప్రాంతపు బోరు నీళ్లు పోస్తే ఆ రసాయనాలు పలచబడతాయి, పైగా నీటిలోని క్లోరైడ్ అల్యూమినియంకు సూది బెజ్జాలు పెడుతుంది. లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు అయ్యే ఖర్చు ఎంత, ఇంజిన్ హెడ్ దించితే అయ్యే ఖర్చు ఎంత?

ఎలుకల మాట కూడా చెప్పుకోవాలి. సార్వా, దాళ్వా కోతలయ్యాక పొలంలో తిండి తగ్గిన ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి. రాత్రి వెచ్చగా ఉండే ఇంజిన్ వాటికి మంచి గూడు. కొరికింది ఒక్క వైరే అయినా, పెద్ద బండిలో అది వందల వైర్ల కట్టలో భాగం.

ముప్పై మూడు మిల్లీలీటర్లు

గోదావరి మనిషికి వరద కొత్త కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. లంక గ్రామాల వాళ్లు గేదెల్ని, ధాన్యాన్ని ఎప్పుడు గట్టెక్కించాలో చెప్పగలరు. కారు విషయంలో మాత్రం మోకాలి లోతు నీరే కదా అని ముందుకు పోనిస్తారు.

లెక్క చూడండి. రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ అర లీటరు. గాలిని పదహారో వంతుకు నొక్కే ఇంజిన్ అయితే, పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే చోటు సుమారు 33 మిల్లీలీటర్లు. చిన్న టీ గ్లాసులో సగం కూడా కాదు. గాలి నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. గాలి గొట్టం ద్వారా అంతకు మించి నీరు సిలిండర్‌లోకి వెళితే పిస్టన్ ఠక్కున ఆగిపోతుంది. కింద తిరిగే ఇరుసు మాత్రం ఆగదు. మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, కొన్నిసార్లు ఇంజిన్ గోడను పొడుచుకుని బయటకొస్తుంది. బండి నీటిలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదనేది అందుకే. ఆ ఒక్కసారి తాళం తిప్పడమే ఇంజిన్ ప్రాణం తీస్తుంది.

మామూలు ఇన్సూరెన్స్ పాలసీ ఇలాంటి ఇంజిన్ నష్టాన్ని పర్యవసానంగా జరిగిన నష్టంగా చూసి తోసిపుచ్చే వీలుంది. ఇంజిన్ రక్షణ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు మామూలు పాలసీ సగం ధరే లెక్కిస్తుంది. పైన చెప్పినట్టు పాత ఖరీదైన బండిలో ముందుగా పోయేవి అవే. ప్రమాదంలో దెబ్బ తగిలినా ఆ సగం మన మీదే పడుతుంది. ఇక అరుగుదలకు ఏ పాలసీ కూడా డబ్బివ్వదు.

బండి ధర పడింది, సామాను ధర పడలేదు

ఇన్సూరెన్స్ లెక్కలో బండి విలువ నాలుగేళ్లు దాటి అయిదేళ్ల లోపు ఉంటే కొత్త ధరలో సగానికి తగ్గుతుంది. సంతలో ఖరీదైన బండి ఇంకా వేగంగా పడుతుంది. దానికి కారణాన్ని ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల సంతనే ఉదాహరణగా తీసుకుని వివరించాడు. బండి లోపల ఏముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియని భయంతో కొనేవాడు ధర తగ్గించి అడుగుతాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు. సంతలో మిగిలేవి ఎక్కువగా చెడ్డవే. ఆ ఆలోచనకు 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. బండి ఎంత సంక్లిష్టమైతే, లోపలి సంగతి అంత తెలియదు, ధర అంత లోతుకు పడుతుంది.

హెడ్‌లైటు ధర మాత్రం పడదు. బండి పదిహేను లక్షలకు దొరికినా దాని తిత్తి, గేర్‌బాక్సు, కంప్యూటర్ పెట్టె అరవై లక్షల బండివే. ఉదాహరణకు ఏటా కొత్త ధరలో రెండు శాతం రిపేర్లకు పోతుందనుకుందాం. అరవై లక్షలకు అది లక్షా ఇరవై వేలు. అరవై పెట్టి కొన్నవాడికి అది చిన్న మొత్తం. పదిహేను పెట్టి కొన్నవాడికి బండి ధరలో ఎనిమిది శాతం, అదీ ఏటా. ఏనుగును కొని అంకుశానికి బేరమా అని పెద్దలు ఊరికే అనలేదు. ఏనుగు ధర తగ్గొచ్చు గానీ దాని మేత తగ్గదు.

దూరం కూడా ఖర్చే. ఇలాంటి బండ్ల కంపెనీ వర్క్‌షాపు కోసం మన జిల్లాల వాళ్లు ఎక్కువగా విజయవాడకో విశాఖకో వెళ్తారు. రాజమండ్రి నుంచి ఒకటి దాదాపు 160, ఇంకోటి దాదాపు 190 కిలోమీటర్లు. బండి కదలకపోతే లారీ మీద వేసుకెళ్లాలి. సామాను రాలేదంటే రోజుల తరబడి అక్కడే ఉంచాలి.

నిలిచిన బండ్లు ఎలా నిలిచాయి

ఇదంతా చదివి ఖరీదైన కారు కొనకూడదని అనుకోవద్దు. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే ఉపాధ్యాయుడు 1966లో కొన్న వోల్వో పీ1800 కారును 2013 నాటికి ముప్పై లక్షల మైళ్లు తిప్పాడు. కిలోమీటర్లలో దాదాపు 48 లక్షలు. ఆ కారు నిర్మాణం సరళం, అది మొదటి కారణం. రెండోది, వేళకు నూనె మార్చడం, చిన్న చప్పుడును కూడా పట్టించుకోవడం. మూడోది, ఎక్కువగా దూర ప్రయాణాలు.

ఈ మూడో కారణం మనకు బాగా పనికొస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే జల్లెడ ఉంటుంది. దానిలో చేరిన మసి కాలిపోవాలంటే ఆరువందల డిగ్రీల దాకా వేడెక్కాలి. రాజమండ్రిలోనే దానవాయిపేట నుంచి మెయిన్ రోడ్డుకు, అక్కణ్నుంచి ఇంటికి తిరిగే బండిలో ఆ వేడి రాదు, జల్లెడ మూసుకుపోతుంది. వారానికోసారి హైవే ఎక్కి రావులపాలెం, తణుకు దాకా ఒకే వేగంతో వెళ్లి రావడం దానికి మందు. రోజూ అర కిలోమీటరు తిరిగేవాడికి పెట్రోలు బండే మేలు.

గేర్‌బాక్సు నూనె సంగతి కూడా అలాంటిదే. కొన్ని కార్ల కంపెనీలు ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె జీవితాంతం మార్చక్కర్లేదని చెబుతూ వచ్చాయి. ఆ గేర్‌బాక్సులను తయారు చేసే జర్మన్ సంస్థ జడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. జీవితాంతం అంటే ఎవరి జీవితం? మొదటి యజమాని దగ్గరున్నంత కాలమా, మీ దగ్గరున్నంత కాలమా? ఆ ప్రశ్న కొనేముందు అడగాలి. పాత బిల్లుల్లో నూనె మార్చిన కాగితం లేకపోతే ధరలో ఆ ఖర్చు తగ్గించుకుని బేరమాడాలి. మీ తరఫున చూసే మెకానిక్‌తో బండిని ఎత్తి కింద చూపించి, అన్ని పెట్టెలనూ స్కాన్ చేయించాకే అడ్వాన్సు ఇవ్వాలి. అకర్లాఫ్ చెప్పిన చీకటిలో అదొక్కటే దీపం.

కాలువలు కట్టేసే కాలం

ఈ డెల్టాకు నిర్వహణ అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట కింద మనం ఇన్ని తరాలుగా బతికాం. 1982లో దాని చోట కొత్త బ్యారేజీ వచ్చింది. ఏటా దాళ్వా అవసరం తీరగానే కాలువలు కట్టేస్తారు. నీరు ఉండగా కనిపించని గండ్లు, పూడిక, లాకుల తుప్పు అప్పుడు కనిపిస్తాయి. జూన్‌లో మళ్లీ నీరు వదిలే లోపు వాటిని సరిచేయాలి. గోదావరిపై 1900లో తెరిచిన హేవలాక్ వంతెన మీద 1997 దాకా రైళ్లు నడిచాయంటే, తొంభై ఏడేళ్లూ ఎవరో ఒకరు రివెట్లు చూస్తూ, రంగు వేస్తూ ఉన్నారు.

బండికీ కట్టేసే కాలం ఒకటి పెట్టుకోవాలి. వేసవికి ముందు కూలెంట్, బెల్టులు, గొట్టాలు. వానలకు ముందు కింది భాగం కడిగి తుప్పు మందు, తలుపుల కింద నీళ్లు పోయే రంధ్రాలు, బ్యాటరీ. కోతల తర్వాత వైర్లు, ఎలుకల ఆనవాళ్లు. తేదీ, కిలోమీటర్లు, మార్చిన సామాను ఒక నోటుపుస్తకంలో రాయాలి. నెలకింతని బండి పేరున పక్కన పెట్టాలి, అది కూడా కొన్న ధరను కాక కొత్త ధరను చూసి.

షెడ్డులో ఆ సాయంత్రం కొత్త తిత్తి బిగించి, కంప్రెసర్ మార్చాక బండి మెల్లగా లేచి నాలుగు కాళ్ల మీద నిలబడింది. బిల్లు చూసి బావ చాలాసేపు మాట్లాడలేదు. దారిలో నేనే అడిగాను.

"చెరువులో ఏరేటర్ బెల్టు కీచుమంటే ఏం చేస్తావు బావా?"

"అప్పటికప్పుడు మార్చేస్తాను. రాత్రి ఏరేటర్ ఆగితే తెల్లారేసరికి నీళ్లలో ప్రాణవాయువు పడిపోద్ది. పంట పోద్ది. అందుకేగా స్పేరు మోటారు ఎప్పుడూ గట్టు మీద ఉంచేది."

ఆ మాట అన్నాక బావ బండి వేగం తగ్గించాడు. సిద్ధాంతం వంతెన మీద కిటికీ అద్దం దించాడు. కొత్త కంప్రెసర్ చప్పుడు ఆగిందో లేదో వినడానికి చెవి ఒగ్గాడు. అది ఆగే ఉంది.